ఓపల్‌కి వణుకు రాలేదు

ఆల్డర్ బెండ్ ఊరి జనాభా రెండు వేలు. పళ్ళ డాక్టరు మంగళవారం ఒక్కరోజే వస్తాడు, అదీ వానలకు రోడ్డు తెగకపోతే. ఒంట్లో ఇరుక్కున్న మనోవేదనను బయటికి లాగేవాళ్ళు మాత్రం పదకొండుమంది ఉన్నారు. పన్ను సలిపితే వారం రోజులు ఓర్చుకోవాలి గాని, మనసు సలిపితే మధ్యాహ్నం భోజనం లోపే ఎవరో ఒకరు చాప పరుస్తారు. ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఇది ఎవరికీ వింత కాదు. స్కూలు బస్సు నడిపే ఓపల్ రడ్డిక్‌కి కూడా యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వింతగా తోచలేదు. ఆమెకు వాళ్ళతో పని పడలేదు మరి.

పని మే నెలలో పడింది. నది పక్క రోడ్డు మలుపులో దుంగల లారీ ఒకటి గొలుసు తెంపుకుంది. దుంగలు రోడ్డు మీదికి దొర్లుకొచ్చాయి. ఓపల్ బస్సులో ముప్ఫై ఒక్కమంది పిల్లలున్నారు. ఆమె బ్రేకు తొక్కింది. బస్సు మొదటి దుంగకు జానెడు దూరంలో ఆగింది. ఒక పిల్లవాడికి ముక్కు అదిరి రక్తం వచ్చింది, ఒక పిల్ల క్లారినెట్ విరిగింది. నష్టం అంతే. న్యాయంగా అయితే అలాంటి డ్రైవర్ భుజం తట్టి మర్నాడు తాళాలు చేతిలో పెట్టాలి. స్కూలు ఆఫీసు వాళ్ళు ఉన్న తాళాలు పుచ్చుకున్నారు. ప్రమాదాన్ని చూసిన డ్రైవర్ ఎవరైనా సరే, తమ జాబితాలోని చికిత్సకుడి దగ్గర 'ఇక బస్సు నడపవచ్చు' అని ఉత్తరం తెచ్చుకోవాలట. ప్రమాదం చేశావా, తప్పించావా అన్నది వాళ్ళకు అనవసరం.

ఓపల్‌కి గడువు ఆగస్టు మూడో శుక్రవారం. అది రూట్లు కోరుకునే రోజు. డ్రైవర్లందరూ డిపోలో చేరతారు. సర్వీసు వరసన పేర్లు పిలుస్తారు, పిలిచినవాళ్ళు తమకు కావలసిన రూటు చెబుతారు. ఉత్తరం లేనివాళ్ళ పేరు పిలవరు. ఓపల్ పంతొమ్మిదేళ్ళుగా నడుపుతున్నది ఏడో నంబరు రూటు, నది పక్క రోడ్డు. ఆ రూట్లో ఇప్పుడు ఎక్కే పిల్లల్లో కొందరి తల్లులు కూడా ఒకప్పుడు ఆమె బస్సెక్కినవాళ్ళే. ఆ రూటు పోతే ఇంకొకటి వస్తుందన్న మాట ఆమె దగ్గర ఎవరూ ధైర్యం చేసి అనలేదు.

పదకొండుమందిలో జాబితాలో ఉన్నది ఒక్కడే. పేరు సేజ్. నలభై ఏళ్ళుంటాయి. అసలు పేరు గ్యారీ, ఒకప్పుడు బీమా కంపెనీలో క్లెయిములు తిరగ్గొట్టేవాడు. ఒకరోజు తన ఒళ్ళు తనతో మాట్లాడిందట. ఉద్యోగం, చెప్పులు రెండూ వదిలేసి, ఏదో ఆకు పేరు పెట్టుకుని కొండమీద చాప పరిచాడు.

"చెప్పులు విప్పెయ్, ఓపల్," అన్నాడు మొదటిరోజు. "నేల నిన్ను మోస్తోంది. తెలుస్తోందా?"

"నేల ఎక్కడ మోస్తోంది? మోకాళ్ళు మోస్తున్నాయి. కుర్చీ లేదా?"

కుర్చీ లేదు. మెత్త ఒకటి ఇచ్చాడు. ఆమె కూలబడ్డాక కళ్ళు సగం మూసి అడిగాడు. "ఆ రోజు తలుచుకుంటే ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?"

"కుడికాల్లో."

సేజ్ మొహం వెలిగిపోయింది. "ఏమంటోంది ఆ కాలు?"

"బ్రేకు తొక్కానంటోంది."

"తొక్కబోయింది. తొక్కలేకపోయింది. ఆ కదలిక సగంలో గడ్డకట్టుకుపోయింది."

"సగంలో గడ్డకడితే నీకీ బేరం ఉండేది కాదు నాయనా, మా వాళ్ళు పువ్వులు పట్టుకుని స్మశానానికి వెళ్ళేవాళ్ళు. పూర్తిగా తొక్కాను. అందుకే బస్సాగింది."

సేజ్ జాలిగా నవ్వాడు. "తల అలాగే అంటుంది. ఒళ్ళు వేరే చెబుతుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడితో వాదిస్తే అరిగేది మన నోరే. ఓపల్ ఊరుకుంది. రెండో సిట్టింగులో అతను స్టెతస్కోప్ తీసి ఆమె పొట్ట మీద ఆనించాడు. పేగుల చప్పుడును బట్టి లోపలి బాధ అరుగుతోందో లేదో చెబుతారట వీళ్ళు. విని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఎంత పాత దుఃఖం, ఓపల్! ఎంత లోతునుంచి కదులుతోందో!"

"పొద్దున బీన్స్ తిన్నాను," అంది ఓపల్.

ఆవలిస్తే భయం బయటికి పోతోందన్నాడు. తుమ్మితే హద్దులు గీసుకుంటోందన్నాడు. ఊరికే కూర్చుంటే మొద్దుబారిపోయిందన్నాడు. ఓపల్ చేసే ఏ పనీ అతని పుస్తకంలో రోగం కాకుండా పోలేదు. అయిదో సిట్టింగుకి ఆగస్టు వచ్చేసింది. ఆమె సూటిగా ఉత్తరం అడిగింది.

"వణుకు రాలేదుగా ఇంకా," అన్నాడు సేజ్. "ఒళ్ళు తనంతట తాను వణకాలి. జింకను చూడు. పులి నోట్లోంచి తప్పించుకున్నాక నిలువెల్లా వణికి, భయమంతా దులుపుకుని, హాయిగా గడ్డి మేస్తుంది."

"మా పెరట్లో జింకలు రోజూ నా గులాబీలు మేసిపోతాయి. చీపురు పుచ్చుకుని తరుముతాను. ఒక్కటీ వణకదు."

"వణుకు రాకుండా సంతకం పెడితే నేను నీ ఒంటికి అబద్ధం చెప్పినవాణ్ణవుతాను," అన్నాడు సేజ్, గుండె మీద చెయ్యేసుకుని.

ఓపల్ తిన్నగా డిపోకి వెళ్ళింది. డిపో అంటే మూతపడ్డ కలప మిల్లు ఆవరణ. అక్కడ మెకానిక్ హెక్టర్ సవాలా నాలుగో నంబరు బస్సు కింద పడుకుని ఉన్నాడు. ఓపల్‌ని బాసూ అని పిలుస్తాడు, పదిహేనేళ్ళ అలవాటు.

"వణకమంటాడా? వణుకు, బాసూ. నీ సొమ్మేం పోయింది?"

"ఎలా వణకను? నాకు రాదు."

హెక్టర్ బయటికి పాక్కుంటూ వచ్చి నాలుగో నంబరు స్టార్ట్ చేశాడు. దాని ఇంజను బిగింపులు వదులై ఏడాదయింది. నిలబడ్డచోటే ఆ బస్సు అద్దాలతో సహా గజగజలాడుతుంది. "ఎక్కి కూర్చో. దీన్ని ఒంటికి పట్టించుకో. ముందు మోకాళ్ళు, తర్వాత దవడ. మధ్యమధ్య ఓ కుదుపు ఇవ్వాలి, అప్పుడే నమ్ముతారు."

రెండు సాయంత్రాలు సాధన చేసింది ఓపల్. ఆరో సిట్టింగులో చాప మీద పడుకుని నాలుగో నంబరును తలుచుకుంది. మోకాళ్ళు, దవడ, ఒక కుదుపు. సేజ్ ఆనందం చెప్పనలవి కాదు. వెక్కివెక్కి ఏడ్చాడు. కిటికీలు తెరిచాడు. ఓపల్ కూడా లేచి కూర్చుని, చెమట తుడుచుకుని, ఇక ఉత్తరం కోసం చెయ్యి చాపింది.

"ఉత్తరమా? ఇప్పుడే కదా మొదలైంది!" అన్నాడు సేజ్. "ఇంత వణుకా! ఇది ఒక్క బ్రేకుది కాదు. దీని కింద మీ అమ్మమ్మ ఉంది, ఆమె కింద ఆమె అమ్మ ఉంది. ఇంకో పన్నెండు సిట్టింగులు తప్పవు. ఈలోగా నువ్వు బస్సు ముట్టుకోవడం ప్రమాదం."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. వణకకపోతే రోగం ఉంది, వణికితే ఇంకా ఎక్కువుంది. ఓపల్‌కి కోపం వచ్చింది. ఆ మూడు నెలల్లో అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆగిన బస్సు ఆగలేదని, తొక్కిన కాలు తొక్కలేదని ఒక మనిషి రోజూ మెత్తగా చెబుతుంటే ఎవరికైనా మండుతుంది.

"ఇన్నాళ్ళూ నా కాలికి ఏమైందో నువ్వే చెబుతున్నావు," అంది చెప్పులు తొడుక్కుంటూ. "దానికేమైందో రేపు వచ్చి బస్సులో కూర్చుని చూడు. నీ సగంలో ఆగిన కదలిక పూర్తి చేసి చూపిస్తా."

సేజ్‌కి ఈ మాట మహా నచ్చింది. పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

మర్నాడు గురువారం. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి రూట్ల పిలుపు. డిపో ఆవరణలో నడపడానికి ఎవరి ఉత్తరమూ అక్కర్లేదని హెక్టర్ బాగు చేసిన బస్సొకటి తెచ్చి పెట్టాడు. తాను ముందు మెట్టు దగ్గర సీట్లో కూర్చున్నాడు. సేజ్ చెప్పుల్లేకుండానే ఎక్కి మూడో వరసలో బాసింపట్టు వేశాడు.

"బెల్టు," అంది ఓపల్.

"బెల్టు ఊపిరిని బంధిస్తుంది."

"నా బస్సులో ఊపిరైనా సరే బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. కాళ్ళు కిందికి దించు."

ఓపల్ బస్సును ఆవరణ ఆ చివరికి తీసుకెళ్ళి తిప్పింది. ఒకప్పుడు లారీలు తిరిగిన చోటు, తిన్నగా ఉంటుంది. వేగం పెంచింది. ముప్ఫై మైళ్ళయింది. ఎదురుగా మిల్లు పాత గోడ పెరుగుతూ వస్తోంది. సేజ్ మొదట్లో "శ్వాస గమనించు, ఓపల్" అన్నాడు. తర్వాత "గోడ" అన్నాడు. ఆ తర్వాత "అమ్మా" అన్నాడు. ఓపల్ బ్రేకు తొక్కింది. పంతొమ్మిదేళ్ళు బస్సు నడిపిన కాలది, ఏ లోటూ లేకుండా తొక్కింది. బస్సు ఒక్కసారి ముక్కు వంచి, గోడకు రెండు మూరల దూరంలో నిలబడిపోయింది.

"చూశావా? కాలికేం కాలేదు," అంది ఓపల్.

వెనకనుంచి జవాబు లేదు.

ఇంజను ఆపేసింది. ఇంకా చప్పుడు లేదు. ఓపల్ చేతులు స్టీరింగును వదలడం లేదు. ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసింది.

"బాసూ," అన్నాడు హెక్టర్ మెల్లగా. "వెనక్కి తిరిగి చూడు."

"అద్దంలో కనిపిస్తున్నాడుగా."

"అద్దంలో కాదు. తిరిగి చూడు."

ఆమె తిరగలేదు. మెడ అలాగే నిలబడిపోయింది. ఆ గోడకేసే చూస్తూ మాట్లాడింది. "ఆ రోజు కూడా ఇంతే, హెక్టర్. ఆగాక ఒక్క పిల్ల నోరెత్తలేదు. ముప్ఫై ఒక్కమంది. ఏడవలేదు, అరవలేదు. అద్దం కదిలిపోయి పైకప్పు కనిపిస్తోంది. నేను తిరగలేదు. తిరిగితే ఏం చూడాల్సి వస్తుందోనని తిరగలేదు. ముక్కులోంచి రక్తమొచ్చిన వాడు వాడంతట వాడే లేచి నా దగ్గరికొచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. నేను వెళ్ళాల్సింది వాడి దగ్గరికి. వాడొచ్చాడు."

ఆరు సిట్టింగుల్లో కాలి గురించీ, పేగుల గురించీ, అమ్మమ్మ గురించీ అడిగారు. బస్సాగిన తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. ఒళ్ళు దాచుకున్న మాట నిజమే. సేజ్ మాత్రం పక్కింటి తలుపు తట్టాడు. ఓపల్ ఏడ్చింది. వణుకూ లేదు, కుదుపూ లేదు, ముక్కు చీదుకుంటూ మామూలు ఏడుపు. ఏడ్చి ఏడ్చి, సీట్లో నడుముతో సహా తిరిగి వెనక్కి చూసింది.

మూడో వరసలో గ్యారీ ముందు సీటు కమ్మీని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు. మొహంలో చుక్క రక్తం లేదు. మోకాళ్ళు, దవడ, మధ్యమధ్య ఓ కుదుపు. నాలుగో నంబరు బస్సు కూడా అంత బాగా వణకదు.

"వణకనీ," అంది ఓపల్ కళ్ళు తుడుచుకుంటూ. "మంచిదట."

అతన్ని దింపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. కింద ఒక టైరు మీద కూర్చోబెట్టి హెక్టర్ వేడి కాఫీ ఇస్తే సగం ఒలికింది. కాసేపటికి ఓపల్ మొహంలోకి చూసి "ఎంత అందమైన..." అని మొదలుపెట్టాడు.

"ఆ మాట పూర్తి చేశావంటే మళ్ళీ ఎక్కిస్తా. రాయి ఉత్తరం."

బస్సు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని రాశాడు. మర్నాడు పొద్దున ఆఫీసు గుమాస్తా లిండ్‌క్విస్ట్ ఆ ఉత్తరాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"ఏంటిది ఓపల్? సాలీడు సిరాలో పడి పాకినట్టుంది."

"అతనికి వైద్యం బాగా పట్టింది," అంది ఓపల్.

ఓపల్ పేరు పిలిచారు. "ఏడు," అంది ఆమె. పక్కనున్న డ్రైవర్లు బల్లలు చరిచారు.

సెప్టెంబరు కల్లా కొండమీద కొత్త బోర్డు లేచింది. 'బ్రేకు చికిత్స: గడ్డకట్టిన కదలికకు విముక్తి'. వారాంతాల్లో సేజ్ ఒక అద్దె బస్సులో ఎనిమిదిమందిని కూర్చోబెట్టి, కూలికి పెట్టుకున్న డ్రైవరు చేత గోడ దాకా తోలిస్తున్నాడు. ఆ పద్ధతి తనకు ధ్యానంలో తట్టిందని చెబుతున్నాడు. తాను మాత్రం ఎక్కడు, కింద నిలబడి పుస్తకంలో రాసుకుంటాడు. మిగిలిన పదిమందికీ దీనిమీద అసూయగా ఉందని ఊళ్ళో అనుకుంటున్నారు.

స్కూళ్ళు తెరిచిన మొదటిరోజు ఏడో నంబరు నది పక్క మలుపు దాటింది. దాటాక ఓపల్ బస్సును పక్కకు తీసి ఆపింది. అక్కడ ఎక్కేవాళ్ళూ లేరు, దిగేవాళ్ళూ లేరు. సీటు బెల్టు విప్పుకుని, లేచి నిలబడి, వెనక్కి తిరిగింది. మొదటి వరసనుంచి చివరి వరస దాకా ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది. చాలాసేపే చూసింది. పిల్లలు కొట్టుకోవడం ఆపేసి ఆమెకేసి చూశారు.

"ఏంటి ఓపల్, ఏమైనా పోయిందా?" అని అడిగింది ముందు వరసలో పిల్ల.

"ఏం పోలేదు," అంది ఓపల్. "అందరూ ఉన్నారు."