ఏడో జాయింటు దగ్గర

పొద్దున్న ఆమె ఇల్లు ఊడుస్తుంటే అత్తయ్య మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని అంది, "అక్కడా చీపురే, ఇక్కడా చీపురే. ఈ మాత్రానికి ఇంజినీరింగు ఎందుకు చదివావో!" భర్త పేపర్లోంచి తలెత్తకుండా నవ్వాడు. ఆమె మంచం కింద కూడా ఊడ్చి, రెండు క్యారియర్లు సర్ది, అతని బండెక్కింది. ఇద్దరిదీ ఒకే ప్లాంటు. బస్సులకు హైడ్రోజన్ నింపే యార్డుకు అతను ఇన్‌ఛార్జి. ఆమె సేఫ్టీ ఇన్‌స్పెక్టరు.

అత్తయ్య మాటలో అబద్ధం లేదు. హైడ్రోజన్‌కు వాసన ఉండదు. అంటుకుంటే పొగ రాదు, ఎండలో మంట కనబడదు. లీకు పసిగట్టే మీటర్లున్నా సరే, పైపుల్లోకి గ్యాసు ఎక్కించాక ఆమె రోజూ పొడుగాటి చీపురు ముందుకు చాచి ఒక్కో జాయింటూ దాటుతుంది. మంట ఉంటే ముందు చీపురు కాలాలి, మనిషి కాదు. ఏడాదిగా ఒక్కసారీ కాలలేదు. యార్డులో ఆమెకు చీపురు మేడమ్ అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది భర్తేనని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

ఇవాళ ఏడో జాయింటు దగ్గర చీపురు కాలింది.

పుల్లల కొసలు వాటంతటవే నల్లబడి వంకర తిరిగాయి. ఆమె వెనక్కి దూకి వాల్వు కట్టేసింది. లైను ఖాళీ చేయించి జాయింటు విప్పించింది. లోపలున్న సీలు రింగు అంచు అరిగిపోయి ఉంది. మొదట్లో పరీక్షల కోసం వేసిన ట్రయల్ లైను నుంచి ఊడదీసిన పాత రింగు అది. మొన్న సాయంత్రం తను వడ్డిస్తుంటే భర్త ఫోన్లో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "కొత్తవి రాకపోతే ట్రయల్ లైనువి పీకి ఏడో దానికి వేసెయ్యండయ్యా, ఎవడు చూస్తాడు?" అన్నం గిన్నె చేతిలో ఉన్న మనిషికి చెవులుంటాయని ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు. ఆమె కూడా అప్పుడు కూర చల్లారిపోతోందనే ఆలోచించింది.

గేటు బయట ఆరు కొత్త బస్సులు, వరసగా కుర్చీలు, మైకు. పదింటికి ప్రారంభం. భర్త వాచీ చూసుకుంటూ వచ్చాడు.

"స్టోరంతా వెతికితే ఒక్క కొత్త రింగు దొరికింది, వేశారు, బిగించారు. ఇంకేంటి? సంతకం పెట్టు."

"నాలుగు గంటలు ప్రెషర్ మీద ఉంచి చూడాలి."

"రూల్సు నాకు చెప్తున్నావా? ఇవాళ బస్సులు కదలకపోతే మన గ్యాసు కొంటామన్న ఎరువుల ఫ్యాక్టరీ వాళ్లు వెనక్కి తగ్గుతారు. ఊరందరి నోట్లో మట్టి కొడతావా?"

ఆ మాట ఆమెకు తగిలింది. సిమెంటు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ చుట్టుపక్కల పని అంటూ మిగల్లేదు. గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి గ్యాసు తీసే ఈ ప్లాంటు మీదే అందరి ఆశా. ఆ గ్యాసును బస్సులో కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్స్ బిగించడానికి షెడ్డు కడుతున్నారు. అందులో ఉద్యోగానికి ఆమె తమ్ముడూ దరఖాస్తు పెట్టాడు. సంతకం పెడితే వాడికి పనొస్తుంది. పెడితే ఏడో జాయింటు పక్కనే మొదటి బస్సు ఆగుతుంది.

"పాత రింగు సంగతి కూడా రాస్తావా?" అతని గొంతు తగ్గింది.

"రాయాలి."

"ఇంటికి రా, మాట్లాడుకుందాం."

పదకొండేళ్లుగా ఇంటికెళ్లాక మాట్లాడేది అతనే.

మొదటి బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "చెల్లెమ్మా, బండి తెమ్మంటారా, వద్దా? నలభైమందిని ఎక్కించుకోవాలి. ఆయన తెమ్మంటున్నారు. నేను మీ నోటి నుంచి వినాలి."

"వద్దన్నా. ఒంటిగంట దాటాక చెప్తాను."

భర్త ఆమె చేతిలో ఫారం వైపు చూశాడు. "అమ్మతో ఏం చెప్పను?"

"వంటకు నా కోసం చూడొద్దని చెప్పండి."

ఆమె గేజి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఫారం మోకాలి మీద పెట్టుకుని లోపం, జాయింటు నంబరు, కారణం రాసింది. బాధ్యుడి గడిలో యార్డు ఇన్‌ఛార్జి అని రాసింది. కింద ఇంకో గడి ఉంది: సమాచారం ఎలా తెలిసింది?

ఆమె రాసింది: "మొన్న సాయంత్రం, ఇంట్లో, ఆయనకు అన్నం వడ్డిస్తూ విన్నాను."

సంతకం పెట్టింది.