చివరి ముక్క పట్టుకో

ఆ లాండ్రీలో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె చిట్టికి మాత్రమే వదిన. భర్త చెల్లెలైన ఆ పిల్ల పనిలో చేరినప్పటి నుంచి పొద్దస్తమానం "వదినా, వదినా" అని ప్రాణం తీస్తుంటే, ఆ పిలుపు అందరి నోళ్లకూ అంటుకుంది.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటది. కొత్తగా వచ్చిన మేనేజరుకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. తను చెప్పింది అర్థం కానివాళ్లకు ఈ నెలాఖరే ఆఖరని వచ్చీ రాగానే, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన చిట్టి చేత చెప్పించాడు. వదిన గుండెల్లో రాయి పడింది. భర్త పనిపోయి ఇంట్లో కూర్చున్నాడు. తన జీతం కూడా పోతే ముగ్గురికీ చిట్టి ఒక్కతే దిక్కు.

ఆ రోజు నుంచి చిట్టే ఆమెకు పంతులమ్మ. ఆ పంతులమ్మకు ఓపిక తక్కువ, వెటకారం ఎక్కువ.

"అంతా అర్థం చేసుకోవాలని చూడకు వదినా, బుర్ర వేడెక్కుతుంది. చివరి ముక్క పట్టుకో. స్విచ్ ఆన్ అన్నాడనుకో, ఆన్. టర్న్ ఆఫ్ అన్నాడా, ఆఫ్. మన మాటల్లాగే, చెయ్యాల్సిన పనంతా చివర్లోనే ఉంటుంది."

"మరి అర్థం కాకపోతే?"

"ఎస్ సర్ అనెయ్. ఆయనకు కావాల్సింది అదే."

చిట్కా బాగానే పనిచేసింది. మిగతా ఆడవాళ్లు కూడా దాన్నే నేర్చుకున్నారు. పనిచేస్తున్న చిట్కాను ఎవరు మాత్రం అనుమానిస్తారు?

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ మిషన్ రోలర్ల మధ్య ఓ దుప్పటి మెలిపడి ఇరుక్కుంది. వదిన ఎర్ర బటన్ నొక్కి మిషన్ ఆపింది. "నేను చెప్పేదాకా ఆన్ చెయ్యకు!" అని అరిచి చిట్టి వెనక వైపుకు వెళ్లి, రోలర్ల సందులో చెయ్యి పెట్టింది. మధ్యలో మనిషెత్తు మిషన్. ఇవతల నిలబడిన వదినకు ఆ పిల్ల జడ కొస కూడా కనబడదు. పైనున్న అద్దాల గదిలోంచి మేనేజరుకు మాత్రం ఇద్దరూ కనబడతారు.

కాసేపు దుప్పటి కొస అటూ ఇటూ కదిలింది. తర్వాత కదల్లేదు. పక్కన డ్రయ్యర్ల రొద. పని అయిపోయిందేమో, పిలిస్తే తనకే వినబడలేదేమో అనుకుని వదిన ఆకుపచ్చ బటన్ దగ్గరికి వేలు తెచ్చింది.

పైన అద్దాల గది తలుపు ధడాలున తెరుచుకుంది.

"హోల్డ్ ఆన్!" మేనేజరు గొంతు చించుకుంటున్నాడు. "హోల్డ్ ఆన్! హోల్డ్ ఆన్!"

ఆన్. చివరి ముక్క స్పష్టంగా వినబడింది. ఆయనకు అవతలి వైపు కనబడుతోంది కదా, చిట్టి చెయ్యి తీసేసి ఉంటుంది. వదిన వేలు బటన్‌ను తాకింది.

"చిట్టీ! తీశావా?"

జవాబు లేదు.

"హోల్డ్ ఆన్!" మేనేజరు మెట్ల మీంచి దూకుతూ వస్తున్నాడు. మొహం జేవురించింది. ఇంత అరిచినా వినకపోతే నెలాఖరు దాకా కూడా ఉంచడు. నొక్కేస్తే ఏ గొడవా ఉండదు. కానీ రోజంతా నోరు మూతపడని పిల్ల ఇప్పుడెందుకు పలకడం లేదు?

వదిన వేలు వెనక్కి తీసుకుంది. పోతే పోయింది ఉద్యోగం అనుకుని బటన్‌కు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"చంపినా నొక్కను!" అని తన భాషలోనే అరిచింది.

మేనేజరు ఆమెను పక్కకు తోసి గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. హాల్లో మిషన్లన్నీ మూలుగుతూ ఆగిపోయాయి. అప్పుడు వినబడింది చిట్టి ఏడుపు.

చొక్కా చెయ్యి ఇరుక్కుని, ఆ పిల్ల భుజం దాకా రోలర్ల సందులో ఉంది. మొహం దుప్పటి మడతల్లో కూరుకుపోయి అరుపు బయటికి రాలేదు. కత్తెరతో చొక్కా కోసి లాగారు. చెయ్యి కమిలింది గానీ విరగలేదు. వదిన ఆ పిల్లను కావలించుకుని భోరుమంది.

మేనేజరు రొప్పుతూనే అందరినీ పిలిచి, వదిన వైపు చూపిస్తూ ఏదో చెప్పాడు. చిట్టి కళ్లు తుడుచుకుని నవ్వింది.

"గట్టెక్కావు వదినా! హోల్డ్ ఆన్ అంటే ఆగమనట. తన మాట అర్థం చేసుకుని ఆగావని మెచ్చుకుంటున్నాడు. నీ ఉద్యోగానికి ఢోకా లేదట. ఎస్ సర్ అను, చాలు."

ఆగమనా? వదిన తన వేలి వంక చూసుకుంది. చుట్టూ చప్పట్లు. ఎస్ సర్ నాలుక చివరి దాకా వచ్చింది. చప్పట్లు కొడుతున్నవాళ్లంతా తనలాగే చివరి ముక్క పట్టుకుని నెట్టుకొస్తున్నవాళ్లే. రేపు ఆ బటన్ దగ్గర వాళ్లలో ఎవరైనా ఉండొచ్చు.

"నో సర్," అంది.

చిట్టి గిల్లింది. "పిచ్చా వదినా నీకు?"

"నో సర్. హోల్డ్ ఆన్..." తర్వాతి మాటలు దొరకలేదు. వదిన ఆకుపచ్చ బటన్‌ను చూపించి, గాలిలో వేలితో నొక్కింది. "ఆన్. ఎస్ సర్. ఆన్."

చప్పట్లు ఆగిపోయాయి. మేనేజరు మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. ఆ బటన్ వంకా, చిట్టి చేతి వంకా చూసి, దుప్పట్ల మూట మీద కూలబడ్డాడు. తర్వాత చిన్న గొంతుతో చిట్టిని ఏదో అడిగాడు.

"ఆగమనడానికి మన మాట ఏమిటని అడుగుతున్నాడు వదినా," అంది చిట్టి. ఆ పిల్ల గొంతులో వెటకారం ఏమైపోయిందో.

వదిన చెప్పింది. ఆయన తప్పుగా పలికాడు. మళ్లీ చెప్పించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.