కడిగేసిన తప్పు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఎంత మొండి లిఫ్టయినా అతని చెయ్యి పడితే దారికొస్తుంది. గొంతు మాత్రం పక్కన కూర్చున్నవాడికి కూడా వినపడదు. "ఈయనతో పోట్లాడినా సరదా ఉండదే, నా అరుపులు నాకే వినపడతాయి," అని మా అక్క విసుక్కునేది. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర చెంచా పక్కన పెట్టి, చిన్నప్పుడు ప్రార్థనా మందిరం వసతిగృహంలో ఉండగా అక్కడి బోధకుడు తన మీద చేసిన అఘాయిత్యం గురించి చెప్పాడు. అప్పటిదాకా అక్కకి కూడా తెలియదు.

"కేసు వెయ్యాలి లాయరమ్మా," అన్నాడు చివర్లో. నన్ను ఆటపట్టించడానికి అలా పిలుస్తాడు. ఆ రోజు అందులో ఆట లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపంలో దావా రాయకూడదని మా సీనియర్ నేర్పాడు. నేను ఎప్పుడూ కోపంలోనే రాశాను, బాగానే రాశాను.

బోధకుడు పోయి చాలా కాలమైంది. అందుకే ఆ మందిరాన్ని నడిపే సంస్థ మీదే వేశాం. వాళ్ళు ముందు ఒక మర్యాదస్తుణ్ణి పంపారు. పరిహారం ఇస్తారట, బావ ఎక్కడా నోరు విప్పనని సంతకం చేయాలట. బావ ఆయనకి టీ ఇచ్చి పంపించేశాడు.

"మాకు తెలుసు అని వాళ్ళే చెప్పాలి," అన్నాడు నాతో. "ఆ ప్రార్థన హాల్లోనే, అందరి ముందూ."

కోర్టులో వాళ్ళ జవాబు ఒకటే. అది ఒక మనిషి చేసిన పాపం, సంస్థకు ఏమీ తెలియదు అని సంస్థ పెద్ద ప్రమాణపత్రం ఇచ్చాడు. బావ అప్పట్లోనే వార్డెనుతో చెప్పాడు. ఆ వార్డెను బోనెక్కి, గుర్తులేదని దిగిపోయాడు. ఇక 'తెలియదు' అన్న ముక్క నిలబడితే మా కేసు గంగలో కలిసినట్టే.

సంస్థ పెద్దని ప్రశ్నించే వంతు వచ్చేముందు, బావని నా ఆఫీసులో కూర్చోబెట్టి అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. మాటల్లో మాటగా అన్నాడు:

"నేను వార్డెనుతో చెప్పాక, ఆ బోధకుణ్ణి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చోబెట్టారు. తర్వాత ఆయనా, పెద్దలూ ఒకే పళ్ళెంలో చేతులు కడుక్కున్నారు. నన్ను పిలవలేదు. నేనొక్కడినే మురికిగా మిగిలిపోయాననుకున్నాను."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఇన్నాళ్ళూ ఈ సంగతి చెప్పలేదేం బావా?"

"దాన్ని ప్రక్షాళన అంటారు. ఒకసారి కడిగాక ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదు. అది నియమం." అని తన చేతుల వైపు చూసుకున్నాడు. "నాకూ నోరు రాలేదు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. దాన్ని మింగేసి ప్రశ్నలన్నీ మార్చి రాసుకున్నాను.

కోర్టులో పెద్దాయన తెల్లబట్టల్లో, ప్రశాంతంగా నిలబడ్డాడు. వాళ్ళ లాయరు నన్ను చూసి చిన్నగా నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను.

"మీ దగ్గర ప్రక్షాళన అనే పద్ధతి ఉందట కదండీ?"

ఆయన ముఖం విప్పారింది. "ఉంది తల్లీ. మొదటినుంచీ ఉంది."

"అది మామూలు వాళ్ళకేనా?"

"మా దగ్గర ఆ తేడాల్లేవు. ఎంతటివాడైనా గుమ్మం దగ్గర కూర్చోవలసిందే."

"బోధకుడైనా?"

"ఆయన్ని కూర్చోబెట్టలేదా మేం!" అన్నాడు గర్వంగా.

వాళ్ళ లాయరు నవ్వు ఎటో పోయింది. నేను గొంతు పెంచలేదు.

"తప్పేమిటో తెలియకుండానే కడిగేస్తారా?"

"అదెలా కుదురుతుంది? తప్పు చేసినవాడు తన నోటితో చెప్పాలి. పెద్దలందరం వినాలి. ఆ తర్వాతే నీళ్ళు."

లాయరు గబుక్కున లేచాడు. జడ్జిగారు కూర్చోమని చెయ్యి చూపించి, "సాక్షిని చెప్పనివ్వండి," అన్నారు.

"అయితే ఆ బోధకుడు ఏం చేశాడో మీరు విన్నారు."

"విన్నాం."

"మరి తెలియదని ప్రమాణం చేసి ఎలా చెప్పారు?"

"కడిగేశాక అది లేనట్టే కదా," అన్నాడు. అబద్ధమాడినట్టు ఆయనకి అనిపించనేలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"తర్వాత ఆయన్ని ఎక్కడికి పంపారు?"

"ఇంకో వసతిగృహానికి."

"అక్కడ పిల్లలున్నారా?"

ఆయన మంచినీళ్ళు అడిగాడు. తాగాక, "ఉన్నారు," అన్నాడు.

అక్కడితో నేను కూర్చోవాలి. జవాబు తెలియని ప్రశ్న అడగకూడదు. అయినా అడిగాను.

"వార్డెనుతో చెప్పుకున్న ఆ అబ్బాయిని ప్రక్షాళనకి ఎందుకు పిలవలేదు?"

పెద్దాయన నన్ను వింతగా చూశాడు. "ఎందుకు పిలుస్తాం తల్లీ? పిల్లవాడి తప్పేముంది?"

"ఆ మాట పిల్లవాడికి చెప్పారా?"

"ఆ ఊసు ఎత్తకూడదు కదా."

వెనక బెంచీలో బావ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అక్క అతని వీపు మీద చెయ్యి వేసింది. నేను కేసు గెలిచానని నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో ఆ ప్రక్షాళన పళ్ళెం తెచ్చి పెద్దాయన నెత్తిన కొట్టాలనిపించింది.

తీర్పులో బాధ్యత సంస్థదేనన్నారు. పరిహారంతో పాటు మేం కోరింది కూడా ఇచ్చారు. ప్రార్థన రోజున, అదే హాల్లో, సంస్థ పెద్దే ఆ తీర్పు చదవాలి.

చదివిన రోజు మేం ముగ్గురం వెళ్ళాం. హాలు నిండిపోయింది. సంస్థ పేరూ బోధకుడి పేరూ పెద్దాయన స్పష్టంగానే చదివాడు. "ఆ బాలుడి తప్పు ఏమీ లేదు, ఆ సంగతి సంస్థకు తెలుసు" అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేసి, పెదవులు మాత్రం కదిపాడు.

నేను లేవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది, ఎందుకంటే బావ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"వినపడట్లేదండీ," అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. "మళ్ళీ చదవండి."