చేతిపట్టీలో రాత్రులు

చెల్లెలు నవ్వడం మొదలుపెట్టాక అక్కకు పగళ్లన్నీ కలలో నడిచినట్టే ఉంటున్నాయి. తను పనిచేసే ఇస్త్రీ దుకాణంలో బట్టల మీంచి ఆవిరి లేస్తుంటే ఆ తెల్లటి మబ్బులో చెల్లెలి నవ్వు తేలుతున్నట్టుండేది. అయినవాళ్లంతా ఆశ వదులుకున్న పిల్ల మరి! ఏడాదికి పైగా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, కొత్త మందు మొదలయ్యాక తనంతట తానే లేచి జడ వేసుకుంటోంది.

ఆ మందు ఎంచింది మనసు వైద్యం చేసే డాక్టరమ్మ ఒక్కతే కాదు, ఆమె కంప్యూటరు కూడా. వేలమంది రోగుల వివరాలు చదువుకుని, ఎవరికి ఏ మందు సరిపడుతుందో అంచనా కట్టే కంప్యూటరు అది. అందుకోసం చెల్లెలి చేతికి ఒక పట్టీ కట్టారు. నిద్ర, నడక, గుండె వేగం అన్నీ అది కనిపెట్టి పంపుతుంటుంది. రాత్రిళ్లు దురద పెడుతోందని చెల్లెలు గునిసింది.

"ఇలా ఇవ్వవే, పడుకునేటప్పుడు నేను పెట్టుకుంటాలే. తీసి పక్కన పెడితే ఊరుకోరట" అంది అక్క. పట్టీకి ఏదో ఒక చెయ్యి ఉంటే చాలనుకుంది, పిచ్చిమాలోకం.

ఇవాళ ఇద్దరూ డాక్టరమ్మకు చూపించుకోడానికి వచ్చారు. కిటికీ తెర గాలికి ఊగుతోంది, వెలుగు నేల మీద నీళ్లలా కదులుతోంది. అక్కకు కళ్లు మూతలు పడుతున్నాయి. డాక్టరమ్మ గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తోంది.

"పగలు బాగుంది. రాత్రుళ్లే ఘోరం. నిద్రే లేదు, గుండె ఒకటే దడ. ఈ మందు మాన్పించి వేరేది ఇమ్మంటోంది కంప్యూటరు."

చెల్లెలి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "నేను బాగానే నిద్రపోతున్నానండీ! ఈ మందు మాత్రం తీసెయ్యకండి."

"చాలామందికి అలాగే అనిపిస్తుందమ్మా" అంటూ డాక్టరమ్మ కలం తీసింది.

అక్కకు మగత వదిలిపోయింది. చెబితే చీవాట్లు తప్పవు. చెప్పకపోతే పిల్ల మళ్లీ గోడవైపు తిరుగుతుంది.

"రాయకండి డాక్టరమ్మా! ఆ రాత్రుళ్లు దానివి కావు. పట్టీ నా చేతికి ఉండేది."

చీవాట్ల కోసం తల వంచుకుంది. అవి రాలేదు. డాక్టరమ్మ కంప్యూటరు తెర మీది గీతలన్నీ మళ్లీ మొదటి నుంచి చూసింది.

"అయితే ఇన్నాళ్లూ నిద్రపోనిది మీరా?"

"అబ్బే, నాకేంటండీ? గుండ్రాయిలా ఉన్నాను."

చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎందుకు పడుకోవట్లేదక్కా?"

ఇన్నాళ్లుగా ఆ మాట అడిగినవాళ్లే లేరు. అక్కకు దుఃఖం పొంగుకొచ్చింది.

"నాకు కునుకు పడితే నువ్వెక్కడ ప్రాణం తీసుకుంటావోనని."

చెల్లెలు అక్క తలను తన భుజానికి ఆనించుకుంది. డాక్టరమ్మ ఇంకేదో అడుగుతూనే ఉంది, కానీ అక్క అప్పటికే నిద్రపోయింది.