సమాధుల తోట తాళం

నేను ఒక తాళాన్ని. తాళంచెవి తిప్పితే గాని తెరుచుకోని, మూసుకోని పాతకాలపు ఇత్తడి తాళాన్ని. అలీగఢ్‌లో పుట్టి, సామర్లకోటలో ఒక ఇనుప సామాన్ల కొట్టులో వేలాడుతుంటే సంఘపెద్ద దైవాశీర్వాదంగారు కొని, తమ సంఘం సమాధుల తోట గేటుకు తగిలించారు.

చనిపోయినవాళ్ళ దగ్గర ఎవరేం దొంగిలిస్తారని నాకు మొదట్లో ఆశ్చర్యం. తర్వాత అర్థమైంది. స్థలం తక్కువ. ప్రభువు బల్లలో, అంటే చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసాల్లో, మనతో పాలుపొందేవాళ్ళకే లోపల చోటని నియమం పెట్టారు. పెట్టించింది దైవాశీర్వాదంగారే.

ఏటా సమాధుల పండగకు ఆయనా, తమ్ముడు జీవరత్నమూ వచ్చి వాళ్ళమ్మ సమాధికి సున్నం వేసేవారు. ఒక ఏడు తమ్ముడు టీ వద్దన్నాడు.

"మానేశాను అన్నయ్యా. మా సంఘంలో తాగరు."

"అయితే టీ తాగి మేమంతా నరకానికేనన్నమాట."

జీవరత్నం నవ్వాడు. అన్నగారు నవ్వలేదు.

"ఆ అమెరికా మార్మనుల సంఘంలో కలిశావట. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడని వాళ్ళు ఒప్పుకోరు గదరా. బైబిలు చాలదని ఇంకో పుస్తకం."

"ముగ్గురూ వేరు, మనసు ఒక్కటి అంటాం. నన్ను రక్షించింది మాత్రం యేసే అన్నయ్యా."

"అమ్మకు తెలిస్తే ఏమనుకునేదిరా?"

"పక్కన పడుకున్నప్పుడు నేనే చెప్పుకుంటాలే."

ఆ మాట అన్న ఏడాదికే అతని శవపెట్టె గేటు ముందుకు వచ్చింది. తాళంచెవి దైవాశీర్వాదంగారి జేబులో ఉంది. పాస్టరు అయ్యగారి కళ్ళూ తడిగానే ఉన్నాయి. అయినా గేటు తీయొద్దన్నారు.

"ఇది ద్వేషం కాదండీ. వాళ్ళు చెప్పే యేసు, మన తాతలు ఒప్పుకున్న యేసు ఒకరు కాదు. ఈ రోజు తీస్తే రేపు ఏమని చెబుతాం?"

తమ్ముడి భార్య ఎస్తేరమ్మ వాదించలేదు. "అమ్మ పక్కన అని అడిగారు బావగారూ," అంది, అంతే.

తాళంచెవి నాలోకి వచ్చింది గాని చాలాసేపు తిరగలేదు. చివరికి తిరిగింది. అయ్యగారు బయటే నిలబడిపోయారు.

జీవరత్నం సంఘంవాళ్ళే ప్రార్థన చేశారు. ఏ యాజకత్వపు అధికారంతోనో ఆ సమాధిని ప్రతిష్ఠిస్తున్నామన్నారు. ఆ మాట ఆ తోటలో ఎన్నడూ వినలేదు. చివర "యేసుక్రీస్తు నామమున" అన్నారు. అది మాత్రం ఎన్నోసార్లు విన్నదే. అలవాటైన నోరు కాబోలు, దైవాశీర్వాదంగారు అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నారు.

ఆదివారం నన్ను సంఘ కమిటీ బల్ల మీద పెట్టారు. సభ్యుడొకాయన దైవాశీర్వాదంగారిని అడిగాడు.

"నియమం మీరే పెట్టి మీరే తీశారు. తమ్ముడు గనుక సరే. ఆమేన్ ఎందుకన్నారు?"

"ప్రభువు పేరు వినబడింది, అన్నాను."

"ఏ ప్రభువు?"

బైబిలు ఎన్నిసార్లో చదివిన ఆయన జేబులో చెయ్యి పెట్టారు. తాళంచెవి బల్ల మీద పెట్టేశారు. గేటుకు కొత్త తాళం వచ్చింది. నన్ను ఆయనకే ఇచ్చేశారు, తాళంచెవి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు కిటికీ గట్టు మీద, ఆయన బైబిలు పక్కన ఉంటాను. పొద్దున ప్రార్థన చివర "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ" అని కళ్ళు మూసుకునే ఆగిపోతారు. వంటింట్లో భార్య ఆ చివరి మాట కోసం కాసేపు చూసి, తనే "ఆమేన్" అని, టీ గ్లాసు తెచ్చి పెడుతుంది. ఆయన తాగే సరికి అది చల్లారిపోతుంది.