జత విడిచిన రోజు

మా శాసనసభలో పార్టీలు రెండే. ఇటు ఎంతమందో అటూ అంతమందే. ఏ బిల్లు పెట్టినా ఓట్లు సమానం, సమానమైతే బిల్లు పోయినట్టే. సభాపతిగారు రిటైరైన జడ్జి. ఆయనకు గంట ఉంది గానీ ఓటు లేదు. ఎన్నికలైన దగ్గర్నుంచీ మేం వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే సభ కిటికీలకు కొత్త తెరలు. రంగు దగ్గర పేచీ వచ్చి అవి కూడా సగం నీలం, సగం ఆకుపచ్చ.

ఈ గోల సభలోనే ఉంటే సరిపెట్టుకునేదాన్ని. మా ఇంట్లోనూ అదే. నేను ఒక పార్టీ సభ్యురాలిని, మా వదిన రెండో పార్టీ సభ్యురాలు. నేను బళ్ళో లెక్కలు చెప్పి వచ్చినదాన్ని, ఆవిడ కోర్టులో వాదించి వచ్చింది. పెళ్ళి వద్దనుకుని అన్నయ్య ఇంట్లోనే పైగదిలో ఉండిపోయాను కాబట్టి వంటగది ఇద్దరికీ ఒకటే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ప్లీడరమ్మ ముందు ఆ మాట అనండి చూద్దాం, ఏ చట్టంలో ఉందో చూపించమంటుంది.

మధ్యలో అన్నయ్య, అడకత్తెరలో పోకచెక్క. ఆయన డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునే కారు కాబట్టి ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? భోజనాల దగ్గర నేనూ వదినా గొంతు పెంచితే చాలు, బల్ల కింద ఆయన కుడికాలు నేలను నొక్కేస్తుంది. నాకు కారు నడపడం ఆయనే నేర్పాడు. వదినకి మాత్రం నేర్పలేకపోయాడు. ఆవిడ ఎర్రదీపంతో కూడా వాదనకు దిగేది.

ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కొండదారిలో పక్క ఊరికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. మా ఊరి పెద్దాసుపత్రిలో యంత్రాలు లేక కాదు. ప్లాస్టిక్ ముసుగులు వేసుకుని గోడ వారగా వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని నడిపే నర్సులనీ టెక్నీషియన్లనీ వెయ్యాలంటే సభ ఒక బిల్లు పాస్ చెయ్యాలి. ఆ బిల్లు నేనే రాసి, నేనే ప్రవేశపెట్టాను. అవతలి పార్టీ మొత్తం కాదని చెయ్యెత్తింది. అందులో వదిన చెయ్యి కూడా ఉంది.

కట్టుకున్నవాడి వైద్యానికి అడ్డంగా ఎత్తిన ఆ చెయ్యి చూశాక నాకు కడుపు మండిపోయింది. పార్టీ ఆదేశం మీరితే సీటు పోతుందని నాకూ తెలుసు. అయినా ఆ రోజు నుంచీ మాట్లాడటం మానేశాను. "అన్నయ్యా, కూర తాలింపు మాడుతోందని మీ ఆవిడకి చెప్పు" అని నేను. "నాకు ముక్కుందని మీ చెల్లెలికి చెప్పండి" అని ఆవిడ. ఇద్దరం పొయ్యి దగ్గరే నిలబడి ఉండేవాళ్ళం.

తర్వాతి సమావేశాల్లో వాళ్ళ పార్టీ అదే బిల్లును వదిన పేరుతో తెచ్చింది. కామా కూడా మార్చలేదు. ఈసారి కాదని చెయ్యెత్తడం మా వంతు. మా నాయకుడు చేతులు రుద్దుకుంటూ, "ఇప్పుడు తెలుస్తుంది వాళ్ళకి" అన్నాడు. నాకూ ఆ మాట తియ్యగానే ఉంది. అబద్ధం చెప్పడమెందుకు?

ఆ తీపి ఎక్కువ రోజులు నిలవలేదు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఒక సాయంత్రం అన్నయ్య మా ఇంటి మెట్ల మీద కూర్చుని మళ్ళీ లేవలేకపోయాడు. నేనొక రెక్క, వదిన ఒక రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాం. చూడటానికి ఇంటికొచ్చిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "వైద్యం ఇచ్చే బలం కంటే ప్రయాణం లాగేసే బలం ఎక్కువగా ఉందమ్మా. ఇలాగైతే ఎక్కువ కాలం లాగలేరు" అని సూటిగా చెప్పేశాడు.

మా సభలో జత కట్టడం అని ఒక ఆచారం ఉంది. ఇటువైపు సభ్యుడు ఆపదలో ఉండి రాలేకపోతే, అటువైపు నుంచి ఒకరు తామూ రామని మాటిస్తారు. రాతకోతలు ఉండవు. మాట తప్పినవాడికి ఆ తర్వాత సభలో మంచినీళ్ళు కూడా ఎవరూ అందించరు. అన్నయ్య ఆసుపత్రి రోజుల్లో కారు నడపడానికి నేను, పక్కన ఉండటానికి వదిన వెళ్ళాలి కాబట్టి మాటలు మానేయకముందు నుంచీ ప్రతిసారీ మా ఇద్దరిదే జత. సభలో మేం కలిసి చేసిన పని అదొక్కటే.

వదిన బిల్లు మీద ఓటింగు సరిగ్గా ఆసుపత్రి రోజునే పడింది. ఇద్దరం ఉండం, ఓట్లు సమానం, బిల్లు పోతుంది. మా నాయకుడు హాయిగా నవ్వాడు.

ఆ ఉదయం పాత డ్రైవింగ్ స్కూలు కారులో అన్నయ్య తన బ్రేకు దగ్గర, వదిన వెనక సీట్లో కూర్చున్నారు. వదిన అద్దంలోకి చూడటం లేదు. సభ గేటు ముందుకు రాగానే నేను కారు ఆపేశాను.

"ఆగిపోయిందా? క్లచ్ తొందరగా వదిలుంటావ్" అన్నాడు అన్నయ్య.

"ఆగలేదు, ఆపాను. వదినా, దిగు."

ఇన్నాళ్ళకి నేరుగా అన్న మొదటి మాట అది. ఆవిడ ఉలిక్కిపడింది. "ఎందుకు?"

"వెళ్ళి ఓటెయ్యి."

"నీకేమైనా మతిపోయిందా? మాటిచ్చాను. జత తప్పితే రేపు నా మొహం ఎవరు చూస్తారు?"

"మాట ఎవరికిచ్చావ్? నాకే కదా. నేనే వదిలేస్తున్నా."

"మీ వాళ్ళు నిన్ను ఊరుకుంటారా?"

"అది నేను చూసుకుంటాను. ప్రతిదానికీ క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యకుండా దిగుతావా లేదా?"

జత విడవాలంటే మాట పుచ్చుకున్నవాళ్ళే విడిచిపెట్టాలి, అదీ ఓటింగు గంట మోగకముందే, సభ కార్యదర్శి చెవిన పడేలా. ఆ ఆచారాన్ని వాడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఎవరు వాడతారు, అవతలివాళ్ళని గెలిపించడానికి? నేను కార్యదర్శికి ఫోన్ చేసి, "నా జతను విడిచిపెడుతున్నాను, నా ఇష్టపూర్వకంగానే" అన్నాను. "మళ్ళీ ఒకసారి చెప్పండమ్మా" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

వదిన తలుపు తెరిచి, నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయింది. అంతలో లోపల గంట మొదలైంది. చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని, అంత పెద్ద ప్లీడరమ్మా మెట్ల మీద పరుగు తీసింది. కాపలావాళ్ళు దారిచ్చారు. ఇవ్వకపోతే తోసేసేదే.

కారు కదిలించాను. అన్నయ్య రేడియోలో సభ ప్రసారం పెట్టాడు. ముందు గోల తప్ప ఏమీ వినిపించలేదు. మా నాయకుడి గొంతు మాత్రం గుర్తుపట్టాను. "జత తప్పింది! ఇది ద్రోహం!" అని అరుస్తున్నాడు. సభాపతిగారు ఆగకుండా గంట కొడుతున్నారు. కార్యదర్శి లేచి, "మాట పుచ్చుకున్నావిడే విడిచిపెట్టారు. నేను రెండుసార్లు విన్నాను" అన్నాడు. సభాపతిగారు గంట ఆపారు.

అప్పుడు వదిన గొంతు వినిపించింది. పరుగెత్తి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు.

"ఈ బిల్లు నేను రాయలేదు. నా ఆడపడుచు రాసింది. కామా కూడా మార్చకుండా తెచ్చి నా పేరు పెట్టుకున్నాం. మొన్న ఇదే బిల్లుని నేను కాదన్నాను. నా భర్త మెట్ల మీద కూలబడిన రోజు నాకు, అప్పుడు కాదని ఎత్తిన ఈ చెయ్యే గుర్తొచ్చింది. ఇవాళ తను గెలుపు నా చేతిలో పెట్టి, ఆయన్ని తీసుకుని కొండ దారిన పోతోంది. పేరు మార్చండి. ఇది ఆవిడ బిల్లు. ఇప్పుడు ఓటింగు పెట్టండి."

పేర్లు పిలిచారు. అవును, కాదు, అవును, కాదు. చివరికి సభాపతిగారు, "ఒక్క ఓటు ఆధిక్యంతో బిల్లు ఆమోదం పొందింది" అన్నారు.

ఠక్కున కారు ఆగిపోయింది. వెనకాల బళ్ళన్నీ హారన్లు మోగించాయి.

"బ్రేకెందుకేశావన్నయ్యా, రోడ్డు మధ్యలో?"

"నీకు కళ్ళు కనపడట్లేదే బుజ్జీ. ఏడుస్తూ బండి నడపమని నేను నేర్పానా?"

మొహం తడుముకుంటే నిజంగానే తడి. ఆయన నవ్వుతున్నాడు, ఆయన కళ్ళూ తడే. వెనక లారీవాడు తిట్టడానికి దిగి వచ్చాడు. "బిల్లు పాసైందయ్యా!" అని కిటికీలోంచి అరిచాను. వాడికి ఏం బిల్లో తెలియదు. మా మొహాలు చూసి, "సర్లెండి, మంచిదేగా, పక్కకి పెట్టుకోండి" అని వెళ్ళిపోయాడు. గెలిచాం! లెక్కల టీచర్ని కదా, ఒకటి తీసేస్తే ఒకటి గెలుస్తుందని పిల్లలకి ఏనాడూ చెప్పలేదు.

ఫోన్ మోగింది. మా నాయకుడేమో అనుకున్నాను. వదిన.

"బుజ్జీ, మందుల సంచి వెనక సీట్లో ఉంది. దుప్పటి కూడా కప్పు, ఆయనకి అక్కడ చలేస్తుంది" అంది. ఫోన్ పెట్టేస్తూ, "జాగ్రత్తగా నడుపు తల్లీ" అంది.

మా పార్టీ నన్ను పిలిచి సంజాయిషీ అడిగింది. నేను నియమం ఏదీ తప్పలేదన్నాను. కావాలంటే సీటు తీసుకోండన్నాను. ఈలోగా ఊళ్ళో వాళ్ళంతా మా ఇంటి ముందు చేరి చప్పట్లు కొడుతుంటే, నాయకుడికి జ్ఞానోదయమై, "మా సభ్యురాలి త్యాగం" అని పత్రికలకు చెప్పుకున్నాడు. ఆసుపత్రి విభాగం తెరిచిన రోజు రిబ్బను దగ్గర అందరికంటే ముందు నిలబడింది ఆయనే. రెండు పార్టీల పెద్దలూ కత్తెర కోసం పెనుగులాడుతుంటే, పెద్ద నర్సు రిబ్బను కిందనుంచి వంగి అన్నయ్యను లోపలికి తీసుకెళ్ళిపోయింది.

ప్లాస్టిక్ ముసుగు తీసిన మొదటి యంత్రం ఆయనదే. ఇంటి నుంచి నడిచి వచ్చాడు, మా ఇద్దరి చేతులూ పట్టుకోకుండా. ఆయనకు ఇటొకరం, అటొకరం కుర్చీలేసుకుని కూర్చున్నాం.

"బయట బోర్డు మీద నీ పేరు రాయించమన్నాను" అంది వదిన.

"నాదెందుకు? పరుగెత్తిందెవరు?"

"రాసిందెవరు?"

"సభలో ఒప్పుకున్నదెవరు? అంత గుండె నాకుందా?"

"బుజ్జీ, ఊరికే వాదించకు."

"వాదించేది నేనా, నువ్వా?"

గొంతులు పెరిగాయి. నర్సు తిరిగి చూసింది. ఇద్దరం ఒక్కసారే నోరు మూసుకుని, అలవాటుకొద్దీ అన్నయ్య కుడికాలి వంక చూశాం.

దుప్పటి కింద కాలు కదల్లేదు. ఆయన హాయిగా నిద్రపోతున్నాడు.