కంచె మీది నల్లేశ్వరి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, వానాకాలంలో, మా పెరటి కంచె తగలబెట్టాలని పక్కింటి గంగారత్నంగారు పట్టుబట్టారు. నెలల పిల్ల, ఆవిడ మనవరాలు, ఒళ్లంతా దద్దుర్లతో గుక్కపట్టి ఏడుస్తోంది. మా కంచె మీద పాకిన నల్లేశ్వరి తీగ నిండా పురుగులు. నల్లటి ఒళ్లు, దాని మీద ఎర్రటి కొమ్ములు. చూస్తేనే నాకు ఒళ్లు జలదరించేది.

ఆ తీగ మా అత్తగారు నాటింది. ఆవిడ పుట్టిల్లు మెట్టలో. అది ఉంటే పాములు రావని, అడవి అంచు నుంచి వేరు తెచ్చి వట్లూరులో మా ఇంటి వెనక పాతారు. అందుకని నాకు రెండు భయాలూనూ. ఉంచితే పురుగులు, పీకేస్తే పాములు.

పదకొండేళ్ల మా చంద్రకళ మాత్రం బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి ఆ తీగ దగ్గరే చతికిలబడేది.

"కాల్చొద్దమ్మా. అవి సీతాకోకచిలుకలవుతాయి. వంగాకు పెట్టాను, బెండాకు పెట్టాను, ముట్టలేదు. ఈ తీగ పోతే ఏం తిని బతుకుతాయి?"

"వాటి సంగతి సరే, ఆ నూగు కంట్లో పడితే నీ గతేమిటే?"

ఓ ఉదయం మా ఆయన మిల్లుకి వెళ్లగానే గంగారత్నంగారు కాగడా, కిరసనాయిలు సీసా పట్టుకుని వచ్చేశారు.

"ఏమ్మా నాంచారమ్మా, నీ కూతురి ముచ్చట కోసం నా మనవరాలు చావాలా?"

"ఎంత మాటండీ పిన్నిగారూ! కాల్చేయండి" అన్నాను. ఆ పసిదానికేమన్నా అయితే ఆ ఉసురు మాకు తగలదా?

చంద్రకళ అడ్డం వచ్చి నిలబడింది. ఒక పురుగుని ఆకుతో సహా తుంచి తన చేతి మీద వదిలింది. అది నెమ్మదిగా మోచేతి దాకా పాకింది. నేను ఒక్క అంగలో పిల్ల దగ్గరికి వెళ్లాను.

"ఒసేయ్, దులిపెయ్యవే!"

"వీటికి నూగే లేదమ్మా. ఆ కొమ్ములు మెత్తనివి. మామ్మగారూ, పాపాయి గుడ్డలు ఎక్కడ ఆరేస్తున్నారండీ?"

"ఎక్కడేమిటి, మా మునగచెట్టు కింద దండెం మీద. నీకెందుకే ఆ ఆరాలు?"

మాట పూర్తికాకుండానే అది వాళ్ల పెరట్లోకి పరిగెత్తింది. వెనకే మేమిద్దరం. మునగచెట్టు మొదట్లో బెరడు రంగులో ఏదో మందంగా అంటుకుని ఉంది. తేరిపార చూస్తే అది కదులుతోంది. అన్నీ గొంగళిపురుగులే, ఒకదాని మీద ఒకటి. చంద్రకళ దండెం మీది గుడ్డనొకదాన్ని కర్రపుల్లతో ఎత్తి ఎండకి పట్టింది. దాని నిండా సన్నటి నూగు మెరిసింది.

గంగారత్నంగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. "కాయల కోసం పైకి చూశానే గానీ, మొదలు చూసిందెక్కడే తల్లీ!"

కాగడా మునగచెట్టు మొదలుకి తిరిగింది. గుడ్డలన్నీ ఉడకబెట్టి మా పెరట్లో, ఆ తీగ పక్కనే ఆరేశారు. సాయంత్రం దాకా నేను చంద్రకళ చెయ్యి తిప్పితిప్పి చూస్తూనే ఉన్నాను. చిన్న దద్దు కూడా లేదు. పాపాయికీ కొద్ది రోజుల్లోనే తగ్గింది. తర్వాత కంచె మీద నల్ల రెక్కలకి తెల్ల మచ్చలు, ఎర్ర ఒళ్లు ఉన్న సీతాకోకచిలుకలు ఎగురుతుంటే, ఆవిడే పాపాయిని చంకనేసుకొచ్చి "అవిగో, మీ చంద్రక్క చిలకలు" అని చూపించేవారు.

ఆ నెలలోనే గుండుగొలను నుంచి ఆవిడ పెద్దకూతురు కబురు పెట్టింది. వాళ్ల మారేడు మొక్క ఆకుల మీద కాకిరెట్టల్లా ఉన్నవి కదులుతున్నాయట, ఉంచాలో చంపాలో చంద్రకళ వచ్చి చెప్పాలట. బస్సు బోల్తా పడుతుందేమో, దారిలో వాన పట్టుకుంటుందేమో అని నాకు బెంగ. అయినా దానికి పొడుగు చేతుల జాకెట్టు తొడిగి నేనే బయల్దేరదీశాను.

టిక్కెట్లు కోస్తూ కండక్టరు, "తల్లీకూతుళ్లు ముస్తాబయ్యారు, పెళ్లికాండీ?" అన్నాడు.

"కాదండీ. అక్కడ చెట్టుకి పురుగు పట్టిందట. మా అమ్మాయి చూసి చెప్పాలని కబురంపారు" అన్నాను, వెనక సీటు వాళ్లకి కూడా వినబడేలా.